అచ్చుకెక్కని పేరా

చిక్కబళ్ళాపురం,
17 నవంబర్ 2024, ఆదివారం.

పూజ్యులైన పెద్దనాయనకు సహన నమస్కారాలు.

ఈ రోజు పొద్దున్నే హాస్టల్ వాచ్‌మన్ టీ గ్లాసు కింద నా పేరు కనిపించింది. ప్రెస్సు నుంచి వచ్చిన 'తూగుగుండు' కట్టను ఆయన విప్పేసి, పైప్రతిని బల్ల మీద పరిచి, దాని మీద గ్లాసు పెట్టుకున్నాడు. గ్లాసు జరిపి చూస్తే చివరి పేజీ అడుగున, గుండ్రటి తడి మరక మధ్యలో, "సహాయ సంపాదకురాలు: సహన, సివిల్, ఏడో సెమిస్టర్" అని ఉంది. అక్కడే నిలబడి మూడుసార్లు చదివాను.

"ఏమ్మా, మార్కులు వచ్చిండాయా?" అన్నాడు ఆయన.

"మార్కులు కాదన్నా, నేనే వచ్చిండాను" అన్నాను.

మన నంది సీమ ఇంజనీర్ల సంఘం పత్రికలో ఒక విద్యార్థి పేరు పడటం ఇదే మొదలని సెక్రెటరీ దేవరాజ్ సార్ చెప్పారు. నాలుగు పేజీల నెలపత్రిక, అదీ కన్నడంలో, పైన మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు బొమ్మ. అయినా అచ్చు అచ్చే కదా పెద్దనాయనా.

ఫోన్ చేసి చెప్పేయవచ్చు. కానీ మన ఒప్పందం గుర్తుంది. నెలకో ఉత్తరం, మన ఇంటి మాటను దాని సొంత అక్షరాల్లో. కన్నడ బడిలో చదివిన నా చేత ఇరవై ఏళ్ళ వయసులో ఈ అక్షరాలు దిద్దించారు మీరు. అప్పటి నుంచి మాటల పిచ్చి పట్టింది. ఈ నెల నోటుబుక్కులో చేరినవి: చెమ్మ, నెర్రె, పెచ్చు. పెచ్చు మీరు చెప్పిందే. ఎర్రదిన్నెపల్లి ట్యాంకు స్తంభాన్ని గోటితో గీరి, ఊడి పడిన ముక్కను నా అరచేతిలో పెట్టి, "ఇది పెచ్చు. దీని వెనక తుప్పు" అన్నారు. అంత చిన్న మాట అంత కచ్చితంగా ఉండటం నాకు ఆశ్చర్యం వేసింది.

ఆ ట్యాంకు రిపోర్టు మొదటి పేజీలోనే వచ్చింది. మన సంఘం పద్ధతి మీకు నేను చెప్పాలా? ఆదివారాలు పల్లెలకు పోయి పాత కట్టడాలు చూడటం, చూసింది పత్రికలో వేయడం, ఆ పేజీని పంచాయతీకి పంపడం, వాళ్ళు దాన్ని గోడకు అంటించుకోవడం. వేరే ఉత్తరం ఉండదు. అందుకే పేజీ ఆపకుండా చదివించాలని కష్టపడ్డాను. మీ చేతిరాత రెండున్నర పేజీలు. సెమినార్ వేదిక ఫోటో పెట్టి తీరాలన్నారు దేవరాజ్ సార్. పేజీలో పట్టక పదకొండు పంక్తులు మిగిలిపోయాయి. అంకెలు ఎక్కువగా ఉన్న ఒక పేరా తీసేసి, మొదట్లో నా వాక్యం ఒకటి చేర్చాను. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ముప్పై రెండేళ్ళుగా ఊరి దాహాన్ని నెత్తిన మోస్తూ, మోకాళ్ళు నొస్తున్నా కూర్చోని ముసలమ్మ ఈ ట్యాంకు."

ప్రూఫు చూసి సంతకం పెట్టడం రాసినవారి పని అని తెలుసు. మీ కంటి ఆపరేషను సరిగ్గా అదే వారం పడింది. "నేను చూస్తాలేమ్మా, పెద్దాయన్ని కదిలించొద్దు" అన్నారు సార్.

కంటి కట్టు ఎప్పుడు విప్పుతారు? వాక్యం ఎలా ఉందో తప్పక రాయండి.

మీ సహన

*

చింతామణి,
26 నవంబర్ 2024.

చిరంజీవి సహనకు ఆశీస్సులు.

ఒంటి కన్నుతో రాస్తున్నాను. వరసలు ఏటవాలు అయితే సర్దుకో.

పత్రిక అందింది. ఎదురింటి అర్పిత చేత మొదటి పేరా చదివించుకున్నాను. బాగుందని మళ్ళీ చదివించాను. ముసలమ్మ మోకాళ్ళు అన్న చోట ఆ పిల్ల నా మోకాళ్ళ వైపు చూసింది. సాయంత్రం టీ అంగడికి పట్టుకుపోయి అక్కడ రోజూ కలిసే పిళ్ళప్పకు చూపించాను. "ట్యాంకు సంగతి చెప్తానని కూచోబెట్టి తమ్ముడి కూతురి సంగతి చెప్తాండావు గదప్పా" అని నవ్వాడు. మండీలో టమాటాలు దించే వాళ్ళకు కూడా చూపించానని ఆయనకు తెలియదు.

అంకెల పేరా తీసేశానన్నావు. స్తంభాల కొలతలు అయ్యుంటాయి. పంచాయతీ వాళ్ళకు వాటితో పనిలేదు, పోనీ. కానీ ఇకమీద అంకెను తీసేముందు నన్ను ఒక మాట అడుగు. మిగతా రిపోర్టు కట్టు విప్పాక నేనే చదువుకుంటాను.

ఎర్రదిన్నెపల్లిలో ట్యాంకు నింపి ఊరికి నీళ్ళు వదిలే నీరుగంటి మునియప్ప ఫోన్ చేశాడు. ఆ రోజు మనతో పాటు నిచ్చెన ఎక్కి, నీకు చెయ్యి అందించినవాడు. "నువ్వు చెప్పినట్ల సగానికే నిలుపుతాండా సామీ. పైవీధికి నీళ్ళు ఎక్కలేదని నన్ను తిడ్తాండారు. ఆడోళ్ళు బిందెలెత్తుకోని ఇంటి ముందరికే వస్తాండారు" అన్నాడు. "కాగితం గోడకెక్కనీప్పా. అందులో రాసిండాది. చూపించు, వాళ్ళే నోరు మూస్తారు" అని చెప్పాను.

చలి మొదలయింది. నీ చెవులకు పడదు, మఫ్లర్ కట్టుకో.

పెద్దనాయన
రామచంద్రప్ప

*

చిక్కబళ్ళాపురం,
19 జనవరి 2025.

పూజ్యులైన పెద్దనాయనకు నమస్కారాలు.

రెండు సంతోషాలు. చిన్నది ముందు.

దేవరాజ్ సార్ బాగేపల్లి వైపు పనికి పోయి, ఎర్రదిన్నెపల్లి పంచాయతీ ఆఫీసులో దిగి, ఫోటో తెచ్చారు. మన పేజీ గోడ మీద ఉంది పెద్దనాయనా. రేషన్ నోటీసుకూ పోలియో బొమ్మకూ మధ్య, నాలుగు మూలలా మైదా జిగురు కారుతూ. నా వాక్యం మనుషులు నిలబడి చదివే ఎత్తులో ఉంది. ఫోటోను పెద్దది చేసి చూస్తే ముసలమ్మ అన్న మాట కింద ఎవరో వేలిముద్ర వేశారు. నూనె వేలు. ఎవరో వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కున్నారన్న మాట. ఆ ఫోటో చూస్తూ మధ్యాహ్నం క్లాసు పోగొట్టుకున్నాను.

పెద్దది: ఏప్రిల్‌లో సంఘం వార్షిక సభలో మీకు సన్మానం. కార్యవర్గంలో ఎవరూ కాదనలేదు. మీ పరిచయం రాసే పని నాకిచ్చారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో మీరు కట్టించిన కల్వర్టులు, బడిగదులు, ట్యాంకులు అన్నీ ఊరు పేరుతో, ఏడాదితో రాసి పంపండి. ఈసారి ఒక్క అంకె కూడా తీయను.

సంఘం వార్తలు: బాగేపల్లి శాఖ క్యాలెండర్ వేసింది, అందులో ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు ఉన్నాయి. ఇంజనీర్లు రోజు ఎక్కువ కట్టారని అందరూ నవ్వుతున్నారు. కిందటి ఆదివారం కాలేజీ ల్యాబులో కాంక్రీటు దిమ్మెను యంత్రంలో పెట్టి నలిపి చూపించారు. పగిలేముందు లోపల నుంచి సన్నటి చప్పుడు వస్తుంది, పళ్ళ మధ్య ఇసుక రేణువు నలిగినట్టు. ఆ చప్పుడుకు మన భాషలో పేరేమైనా ఉందా? నోటుబుక్కులో చోటు ఖాళీగా ఉంచాను.

మీ సహన

*

చింతామణి,
14 మార్చి 2025.

అమ్మా సహనా,

మొన్న బుధవారం పొద్దున ఆరున్నరకు ఎర్రదిన్నెపల్లి ట్యాంకు కూలిపోయింది. ఉత్తరం వైపు స్తంభం దూలం కలిసే చోట విరిగింది. మిగిలిన మూడూ దాని వెంట ఒరిగాయి. తొట్టి నిండుగా ఉంది. కింద వాల్వు తిప్పుతున్న మునియప్ప బయటికి రాలేకపోయాడు.

నిన్న పోయి వచ్చాను. అతడి భార్య కెంపమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. పైవీధి ఆడవాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు. అతడి సైకిల్ గోడకు ఆనించి ఉంది, హ్యాండిల్‌కు వాల్వు తిప్పే ఇనుప తాళం వేలాడుతోంది. ఆ రోజు మాత్రం అది లేకుండా చేత్తోనే తిప్పుతున్నాడట.

సంఘం వారు వివరం అడిగారు. నాకు తెలిసింది రాసి పంపాను. నిన్ను ఎవరైనా అడిగితే, పెద్దనాయన ఇచ్చింది ఇచ్చినట్టు వేశానని చెప్పు. అంతకు మించి ఒక్క మాట వద్దు. నా చేతిరాత కాగితాలు నీ దగ్గర ఉంటే పొయ్యిలో వేసెయ్.

సన్మానం కోసం పనుల జాబితా రాయడం మొదలుపెట్టాను. ఆపేశాను.

పెద్దనాయన

*

చిక్కబళ్ళాపురం,
24 మార్చి 2025.

పెద్దనాయనకు,

మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నోటుబుక్కు తెరవలేదు. నిచ్చెన మీద నాకు చెయ్యి అందించిన మనిషి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. చెయ్యే గుర్తొస్తోంది. బొటనవేలి గోరు నల్లగా ఉండేది.

నిన్న సంఘం అత్యవసర సమావేశం జరిగింది. ముప్పై మంది దాకా వచ్చారు. దేవరాజ్ సార్ మీ ఉత్తరం చదివారు. "పరిశీలన రోజున నీటి మట్టం గురించి నేను నీరుగంటికి గానీ మరెవరికి గానీ ఏమీ చెప్పలేదు. రిపోర్టులోనూ రాయలేదు. అది నా మరుపు. పత్రికకు దీనితో సంబంధం లేదు." చదవడం అయ్యాక వెనక వరసలో ఎవరో, "అరవై ఏడేండ్లు వచ్చినాంక ఇంకా నిచ్చెన్లెక్కేది యాల?" అన్నారు. ఇంకొకరు, "ఒప్పుకున్నాడు గదా, పెద్దమనిషి. ఇంక వదిలేయండప్పా" అన్నారు. సన్మానం లేదు. పరిశీలన జట్టులో మీ పేరు తీసేశారు. చేతులెత్తమన్నప్పుడు అందరి చేతులూ లేచాయి. విద్యార్థులకు ఓటు లేదు. నేను నా చేతుల మీద కూర్చున్నాను.

బయటికి వచ్చాక దేవరాజ్ సార్ నన్ను కారు దగ్గరకు పిలిచి, "నువ్వేమీ తలకెక్కించుకోవద్దమ్మా. అయిపోయింది. నాలుగు పంక్తుల్లో వార్త రాసివ్వు" అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు. తాళంచెవుల గుత్తిని చూస్తూ చెప్పారు.

పెద్దనాయనా, నాకు ఒకటి అర్థం కావడం లేదు. మీరు నాకు రాసిన నవంబర్ ఉత్తరం ఇప్పుడు నా ముందు ఉంది. "నువ్వు చెప్పినట్ల సగానికే నిలుపుతాండా సామీ" అని మునియప్ప మీతో ఫోన్లో అన్న మాట మీ చేతిరాతలోనే ఉంది. ఎవరికీ ఏమీ చెప్పలేదని సంఘానికి ఎందుకు రాశారు?

సమోసా పొట్లాల కాగితాలు కూడా తారీఖు వేసి దాచే మనిషి, నన్ను రిపోర్టు కాల్చేయమని ఎందుకన్నారు?

నేను తీసేసిన పేరాలో ఏముంది? నాకు నిజంగా గుర్తులేదు. అంకెలు ఉన్నాయని మాత్రమే గుర్తుంది. ఏ అంకెలో చెప్పండి.

సహన

*

చింతామణి,
2 ఏప్రిల్ 2025.

చిరంజీవి సహనకు,

వయసైంది. మరిచిపోయాను. నవంబర్‌లో నీకేం రాశానో గుర్తులేదు, కంటికి మందు వేసుకున్న రోజులవి. తీసేసిన పేరాలో స్తంభాల కొలతలు. ఇక ఆ ఊసు వద్దు. మే నెలలో నీ పరీక్షలు. వాటిని చూసుకో.

ఉత్తరం ఇక్కడితో ఆపి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను. ఒకటి ఎవరికో ఒకరికి చెప్పాలి. నువ్వు తప్ప నాకు ఉత్తరం రాసేవాళ్ళు లేరు.

మునియప్ప పదకొండో రోజుకు పోయాను. ఊళ్ళో మాట ఒకటే, మునియప్పే ఒళ్ళు తెలియకుండా నింపి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని. పంచాయతీ వాళ్ళు నేను సంఘానికి రాసిన ఉత్తరం నకలు తెప్పించుకుని, "ఇంజనీరే ఏం చెప్పలేదంటాండాడు. సగం నిలపమన్నాడని ఈ మునిగాడు ఆర్నెల్లు ఊరినంతా ఏడిపిచ్చినాడు, పని తప్పిచ్చుకునేదానికి" అంటున్నారు. భోజనాలు వడ్డించే చోటే అంటున్నారు.

కెంపమ్మ నన్ను లోపలికి పిలిచి చెంబుతో నీళ్ళిచ్చింది. "నీ మింద కోపం లేదప్పా. ఒకటే అడుగుతా. సగమే నిలపమని నువ్వు నా మొగునికి చెప్పినావా, లేదా?" అంది.

నీళ్ళు తాగాను. చెంబు కింద పెట్టాను. వచ్చేశాను.

21వ తేదీ సోమవారం తాలూకా నుంచి విచారణాధికారి పంచాయతీకి వస్తాడట, అందరి మాటలూ రాసుకుంటాడట. సంఘానికి రాసిందే అక్కడా చెబుతాను.

జనవరిలో నువ్వు ఒక చప్పుడుకు పేరు అడిగావు. కెంపమ్మ ఆ రోజు తెల్లవారి విన్నదట, ఇసుక నలిగినట్టు. ఎలుకలు అనుకుందట. దానికి పేరు నాకు తెలియదు.

పెద్దనాయన

*

పేరేసంద్ర,
19 ఏప్రిల్ 2025, శనివారం.

పెద్దనాయనా,

ఇది పోస్టులో వేస్తే సోమవారానికి అందదు. చింతామణి బస్సు కండక్టర్ మంజునాథ చేతికిస్తున్నాను. టీ అంగడి దగ్గర నీకు అందిస్తానన్నాడు.

మీరు అని రాయడం చేతకావడం లేదు. ఉత్తరాల్లో మీరు అనాలని నేర్పింది నువ్వే. ఈ ఒక్క ఉత్తరానికి వదిలెయ్.

కాగితాలు దొరికాయి. హాస్టల్లో కాదు, ఇక్కడ, నాన్న ఎరువుల అంగడి అటక మీద, నా ఆరో సెమిస్టర్ పుస్తకాల మధ్య. రెండో పేజీ అడుగున నీ ఎర్ర పెన్సిల్ గీత. కొన్ని కొలతల తరువాత, గీత మీద ఇలా ఉంది: "తొట్టి లోతు తొమ్మిది అడుగులు. మరమ్మతు అయ్యేదాకా నాలుగు అడుగులు దాటి నీరు నిలపరాదు. ఈ మాట నీరుగంటి మునియప్పకు నోటితో చెప్పి, అతడి చేత తిరిగి చెప్పించుకున్నాను." దాని మీద ఆ మూల నుంచి ఈ మూలకు నా పెన్సిల్ అడ్డగీత. పక్కన నా చేతిరాతలో "11 పం." అని ఉంది. పదకొండు పంక్తులు మిగిలాయి, ఈ పేరా పదకొండు పంక్తులు. నేను చదవను కూడా చదవలేదు. లెక్కపెట్టాను, అంతే. ఆ చోటులో ముసలమ్మను కూర్చోబెట్టాను.

నాన్నకు చూపించాను. అంగడిలో గిరాకీ ఉన్నారు. కాగితం వెనక్కిచ్చి, "మా అన్న నీకోసం అబద్ధం చెప్పిండాడు" అన్నాడు. మళ్ళీ యూరియా తూచడానికి పోయాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు.

నిన్న గూళూరు దాకా బస్సులో, అక్కడి నుంచి ఒక పాలవాళ్ళ బండి మీద ఎర్రదిన్నెపల్లికి పోయాను. పంచాయతీ ఆఫీసుకు సెలవు. కిటికీలోంచి చూస్తే మన పేజీ గోడ మీద ఇంకా ఉంది, పైమూల ఊడి వేలాడుతోంది. ట్యాంకు ఉన్న చోట కంచె వేశారు. లోపల ఇనుప కమ్మీలు, పెచ్చులు. పెచ్చు అన్న మాట నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

కెంపమ్మ ఇంటికి పోయాను. ట్యాంకు చూడటానికి వచ్చిన పిల్లనని చెప్పాను. నా పేరు చెప్పలేదు. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలిచాను. ఆమె తనంతట తానే చెప్పింది. ఫిబ్రవరి ఆఖరులో పైవీధి వాళ్ళూ ఒక మెంబరూ కలిసి మునియప్పను ఆ గోడ దగ్గరకు లాక్కుపోయారట. "సగం అని యాడ రాసిండాదో చూపీరా" అన్నారట. అతనికి చదవడం రాదు. ఎవరో పేజీ మొత్తం చదివి వినిపించారట. మళ్ళీ చదవమన్నాడట. మూడోసారి కూడా చదివించుకున్నాడట. ఇంటికొచ్చి, "ఆయప్ప రాసిండాడు అన్న్యాడే. కాగితంలో ముసలమ్మ కత ఉండాది గానీ నా మాట లేదే" అన్నాడట. మర్నాటి నుంచి నిండా పట్టాడు.

"కాగితం అబద్ధం చెప్పదంట, ఊరంతా అంటాండారు" అంది కెంపమ్మ. "అట్లయితే సచ్చినోడు చెప్తాడా పాపా?"

నా దగ్గర సంచిలోనే ఉన్నాయి కాగితాలు. తీయలేకపోయాను. నేను వచ్చేస్తుంటే ఆమె నాకు గుప్పెడు కాయలు పెట్టింది. ఇంకా సంచి అడుగున ఉన్నాయి.

నీ మీద నాకు కోపంగా ఉంది. నన్ను కాపాడుకోవాలని ఒకడి నోరు మూయించావు. అతను నీ మాట నిలబెట్టడానికి ఆర్నెల్లు తిట్లు తిన్నాడు. నువ్వు అతని మాట నిలబెట్టలేదు. నేను పేరా కొట్టేసిన తప్పు కంటే అది పెద్దదా చిన్నదా నాకు తెలియదు. ఇద్దరం చెరో తప్పు చేశాం. ఇద్దరి తప్పూ అతని నెత్తిన పడింది.

దేవరాజ్ సార్‌కు ఫోన్ చేశాను. "ఇప్పుడు చెప్తే నీ డిగ్రీ, నీ ఉద్యోగం, సంఘం పరువు, ఏమైతాయో ఆలోచించుకున్నావా?" అన్నారు. ప్రూఫు తాను చూస్తానన్న సంగతి గుర్తుందా అని అడిగాను. ఫోన్ పెట్టేశారు.

సోమవారం నేను పోతాను. నువ్వు వచ్చినా, రాకపోయినా. విచారణాధికారి ముందు నువ్వు పాత మాటే చెబితే, పెద్దనాయన అబద్ధం చెబుతున్నాడని నీ ఎదురుగానే చెబుతాను. అలా చెప్పించవద్దు నా చేత.

సహన

*

చింతామణి,
20 ఏప్రిల్ 2025, ఆదివారం, మధ్యాహ్నం.

అమ్మా సహనా,

మంజునాథ ఉత్తరం ఇచ్చి, "ఏముండాదప్పా ఇందులో, ఆ పాప ఇచ్చేటప్పుడు ఏడుస్తాండె" అన్నాడు. తిరుగు బస్సు మూడింటికి. ఈలోగా రాయాలి.

నువ్వు అనే రాయి. బాగుంది.

కట్టు డిసెంబర్ మొదట్లో విప్పారు. పత్రిక దిండు కిందే ఉంది. రోజూ తీసి చదివాను, మొదటి వాక్యం, నీ పేరు. మధ్యలో ఉన్నది చదవలేదు. నేను రాసిందే కదా, అందులో కొత్తేముంటుంది అనుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల రిపోర్టుల్లో ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసినవాడిని, నా రిపోర్టును పొగడ్త కోసం చదివాను. ట్యాంకు కూలిన రోజు మధ్యాహ్నం మిగతాది చదివాను.

అప్పుడు నాకు మునియప్ప గుర్తుకు రాలేదు. నువ్వు గుర్తొచ్చావు. అచ్చులో నీ పేరు పడిన మొదటి సంచిక అది. ఆ ఒక్క సంగతే ఆలోచించి సంఘానికి రాశాను. అతనికి నేనేమీ చెప్పలేదని రాస్తే అతను అబద్ధాలకోరు అవుతాడని పదకొండో రోజు దాకా తట్టలేదు. తట్టాక కూడా చెంబు కింద పెట్టి వచ్చేశాను. నువ్వు అడిగిన దానికి జవాబు: నాదే పెద్దది.

నీకు ఏమీ కాదని చెప్పలేను. అవుతుంది. సంఘం నిన్ను తీసేయవచ్చు. కాలేజీలో అడుగుతారు. ఉద్యోగానికి పోయిన చోట ఎవరో ఒకరు ఈ సంగతి తీస్తారు. నిజం చెప్పినందుకు ఊరు మెచ్చుకుంటుందని కూడా అనుకోకు. పైవీధి వాళ్ళు నిన్ను తిడతారు, నన్ను తిడతారు. ట్యాంకు మళ్ళీ లేవదు.

రేపటి సంగతి. నాకు ఇక్కడ అయిదున్నరకు బాగేపల్లి బస్సు ఉంది. నువ్వు చిక్కబళ్ళాపురం పోవద్దు, పేరేసంద్రలోనే ఎక్కు. బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఆధార్ కార్డు మరిచిపోవద్దు. ఏడున్నరకు బాగేపల్లి బస్టాండులో గూళూరు బస్సులు ఆగే వైపు ఉంటాను. కాగితాలు మడత పెట్టకుండా అట్ట మధ్య పెట్టి తీసుకురా. నీ పెన్సిల్ గీత రబ్బరుతో చెరపవద్దు. నా నవంబర్ ఉత్తరం కూడా తీసుకురా, అందులో అతని మాట ఉంది.

విచారణాధికారి పదిన్నరకు వస్తాడు. మనం తొమ్మిదికే ఊళ్ళో ఉంటాం. పంచాయతీకి కాదు, ముందు కెంపమ్మ ఇంటికి. ఆమె అడిగిన దానికి గుమ్మంలో నిలబడే నేను జవాబు చెబుతాను. తరువాత ఆ పదకొండు పంక్తులూ నువ్వు చదవాలి. మెల్లగా చదువు, తొమ్మిది, నాలుగు అన్న చోట ఆగి చదువు. చివరలో అతని పేరు ఉంది. ఆమె మళ్ళీ చదవమంటే మళ్ళీ చదువు. మూడోసారి అడిగినా చదువు.

కెంపమ్మ కూడా వస్తానంటే ముగ్గురం కలిసి పంచాయతీకి నడుద్దాం.

పెద్దనాయన